దండెం మీద ఆకుపచ్చ జెర్సీ

"ఎవరు ఆరేశారది?"

అంబ్రోజ్ కొలేసార్ ఈ ప్రశ్న వేయడం ఇది మూడోసారి. మొదటిసారి టోపీ పెట్టుకుని అడిగాడు. రెండోసారి టోపీ తీసి అడిగాడు. ఇప్పుడు ఆ టోపీని తెచ్చి, భోజనాల బల్ల మీద, సూప్ గిన్నె పక్కన పెట్టి అడుగుతున్నాడు. టోపీ బల్లనెక్కిందంటే ఆ ఇంట యుద్ధం ప్రకటితమైనట్టే.

వంటింటి కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. పెరట్లో దండెం. దండెం మీద, మా వీధిలో పుట్టిన ఏ ప్రాణీ కలలో కూడా చూసి ఎరగని దృశ్యం: ఆల్డర్‌పోర్ట్ పైలట్స్ జట్టు ఆకుపచ్చ ఉన్ని జెర్సీ. మార్చి చలికి తడి ఉన్ని గడ్డకట్టి, రెండు చేతులూ బార చాచి, తల లేని బిషప్పు ఎవరో వీధినంతటినీ ఆశీర్వదిస్తున్నట్టు నిలబడి ఉంది. పదిగంటల పూజ ముగించుకుని చర్చి నుంచి దిగివస్తున్న జనం కంచె దగ్గర ఆగి, ఆ ఆశీర్వాదాన్ని అందుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ముందుకు సాగుతున్నారు.

"అడుగుతుంటే పలకరేం? నలుగురున్నాం ఇంట్లో. దెయ్యమొచ్చి ఉతికిపోయిందా?"

"అయిదుగురం," అంది కూతురు మార్గిత్, చెంచాలు సర్దుతూ. "మేడమీద గాస్టన్‌ని మర్చిపోయావు."

"గాస్టన్ తన చేతిరుమాలే ఉతుక్కోడు!"

"అయితే దెయ్యమే నాన్నా."

బల్ల చివర కూర్చున్నవాడు సూప్‌లోకి చూస్తున్నాడు. అతడి పేరు వెండెల్ టిమ్కో. ఆ ఇంటికి ఇల్లరికపు అల్లుడు. వారానికి ఆరు రోజులు ఊరంతా రొట్టెల బండి తోలే మనిషి. నిన్న సాయంత్రం నుంచి ఊరికి ద్రోహి. దవడ కింద గుడ్డంత నల్లగా కమిలిన మచ్చ. ఆ మచ్చ వైపు ఎవరూ చూడలేదు. అత్తగారు జోఫియా మాత్రం అతడి సూప్‌లో ఒక మాంసం ముక్క ఎక్కువ వేసింది.

అంబ్రోజ్ ఆ ముక్కను చూశాడు.

"ఓహో," అన్నాడు.

*

నిన్నటి సంగతి మా ఆడమ్స్ ఫోర్జ్ ఊళ్ళో పాలు తాగే పసివాళ్ళకు కూడా తెలుసు. అయినా అది చరిత్ర. చరిత్రను ఎన్నిసార్లు చెప్పుకున్నా పుణ్యమే.

ఉక్కు కొలిమి నీడన పుట్టిన మా ఐస్ హాకీ జట్టుకు డ్యూక్స్ అని పేరు. డ్యూక్ అంటే మహాప్రభువు. ప్రభువుల పొలాల్లో బంగాళాదుంపలు తవ్వలేక ఓడలెక్కి పారిపోయి వచ్చిన స్లోవాకుల కొడుకులు, తమ జట్టుకు ఏరికోరి పెట్టుకున్న పేరది. ఇరవై రెండేళ్ళ ఆ ప్రభువంశ చరిత్రలో కిరీటం దక్కింది ఒక్కసారి. విరిగిన పళ్ళు మాత్రం లెక్కకు అందవు. పెద్ద లీగుల వాళ్ళు మమ్మల్ని చిన్న లీగు అంటారు. మేము వాళ్ళ గురించి ఏమీ అనము. అంత తీరిక మాకు లేదు.

ఈ వంశానికి ధర్మశాస్త్రం రాసినవాడు అంబ్రోజ్ కొలేసార్. కొలిమిలో ఫోర్‌మన్‌గా రిటైరై, జట్టుకు ప్రెసిడెంటుగా మాత్రం రిటైర్ కానివాడు. పదేళ్ళ కిందట ఆల్డర్‌పోర్ట్‌లో మా గోలీకి, అంటే గోల్ కాసేవాడికి, దవడ విరిగింది. ఆ లీగులో ఇప్పటికీ ఏ జట్టుకూ రెండో గోలీని పోషించే స్తోమత లేదు. ఆతిథేయులు చేతులు కట్టుకుని వినోదం చూశారు. చివరికి మా జట్టుకు కట్లు కట్టే మనిషి, వృత్తి రీత్యా క్షురకుడు, కవచాలు తగిలించుకుని గోల్‌కు అడ్డం నిలబడ్డాడు. ఆ రోజు ఎన్ని గోల్స్ పడ్డాయో చెప్పడానికి మాకు నోరు రాదు. ఆల్డర్‌పోర్ట్ వాళ్ళకు వస్తుంది.

ఆ అవమానంతో రగిలిపోయిన అంబ్రోజ్, లీగు సభలో బల్ల గుద్ది ఒక శాసనం చేయించాడు. ఆతిథ్యమిచ్చే ఊరు ఒక గోలీని ప్రేక్షకుల మధ్య సిద్ధంగా కూర్చోబెట్టాలి. ఉభయ జట్లలో గోలీ దెబ్బతిన్నవారు ఎవరు ముందు అడిగితే, ఆ మ్యాచికి అతడు వారి మనిషి. వారి జట్టే తన జట్టు అనుకుని ఆడాలి. "తన జట్టే అనుకుని" అన్న మాటల కోసం మధ్యాహ్నమంతా పోట్లాడినవాడు కూడా అంబ్రోజే.

వరమిచ్చినవాడి నెత్తి మీదే చెయ్యి పెట్టడం పురాణాల్లోనే కాదు, హాకీలో కూడా జరుగుతుంది. నిన్న మా రింక్‌లో, అంటే మా మంచు మైదానంలో, ఆల్డర్‌పోర్ట్ గోలీకి మెడ దగ్గర ఎముక విరిగింది. వాళ్ళ కోచ్ ప్రేక్షకుల వైపు నడిచి, టోపీ తీసి, అడిగాడు. ఎనిమిదేళ్ళుగా ఏ అవసరం రాక, బెంచీ మీద కూర్చుని వేరుశనగలు తింటున్న మా సిద్ధపు గోలీ లేచాడు. అతడు వెండెల్ టిమ్కో. ఆకుపచ్చ జెర్సీ తొడుక్కున్నాడు. మా వాళ్ళు గోల్‌లోకి కొట్టిన ప్రతి పక్కునూ, ఆ నల్లటి రబ్బరు బిళ్ళను, ఆపాడు. డ్యూక్స్ ఓడారు. సిరీస్ సమమైంది.

ఇవాళ సాయంత్రం ఆ సిరీస్‌లో ఆఖరి మ్యాచ్. గెలిచినవాళ్ళు ఫైనల్‌కి వెళ్తారు. ఆల్డర్‌పోర్ట్‌కు ఇప్పటికీ గోలీ లేడు.

*

"ఆదివారం పూట బట్టలుతకడం పాపమని నాకు నేర్పింది ఎవరు?" అన్నాడు అంబ్రోజ్, భార్య వైపు చూస్తూ.

"నేనే," అంది జోఫియా.

"మరి?"

"సూప్ చల్లారుతోంది."

పొయ్యి భగభగ మండుతోంది. అంబ్రోజ్ నుదుటి నుంచి చెమట కారుతోంది. అయినా కోటు విప్పలేదు. మ్యాచ్ ఉన్న రోజున ఆయన పొద్దుటి నుంచి మెడ దాకా బొత్తాలు బిగించుకునే ఉంటాడు. ప్రెసిడెంటు పదవికి ఆ మాత్రం ఉక్క తప్పదని మేమంతా గౌరవంగా అనుకుంటూ ఉంటాం.

"ఆ దండెం అంటే ఏమిటో ఈ ఊరికి తెలీదా? ఇరవై రెండేళ్ళు! ఇరవై రెండేళ్ళుగా దాని మీద నీలం తప్ప ఇంకో రంగు..."

"మా నైట్‌గౌన్లు గులాబీ రంగువి నాన్నా."

"నువ్వు ఊరుకో మార్గిత్!"

ఆయన కోపానికి కారణం లేకపోలేదు. మిగతా ఊళ్ళలో జట్టు ఎంపిక పేపర్లో పడుతుంది. మా ఊళ్ళో దండెం మీద పడుతుంది. ఏటా అక్టోబరులో, కొత్త కుర్రాళ్ళను పరీక్షించడం ముగియగానే, ఉంచుకోదలచినవాళ్ళ జెర్సీలు కోచ్ పంపుతాడు. జోఫియా వాటిని ఉతికి శనివారం పొద్దున్నే పెరట్లో ఆరేస్తుంది. కంచె అవతల కుర్రాళ్ళు గుండెలు చిక్కబట్టుకుని నిలబడి తమ నంబరు వెతుక్కుంటారు. ఉంటే ఉన్నట్టు. లేకపోతే బస్టాండు. ఒప్పందం కాగితాల కోసం ఎవరైనా తొందరపడితే అంబ్రోజ్ గర్వంగా చెయ్యి చాచి పెరడు చూపిస్తాడు: "దండెం ఎక్కిందా? అదే సంతకం."

ఎనిమిదేళ్ళ కిందట అలాంటి ఒక శనివారం, వెండెల్ టిమ్కో కూడా ఆ కంచె అవతల నిలబడ్డాడు. అతడికిచ్చిన నంబరు ముప్పై. దండెం మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ముప్పై లేదు. సోమవారం బేకరీలో పనికి చేరాడు. వసంతంలో మార్గిత్ అతడిని పెళ్ళాడింది.

"సరే, ఎవరు ఆరేశారో తరవాత తేలుద్దాం," అంటూ అంబ్రోజ్ హఠాత్తుగా గొంతు తగ్గించాడు. అది అరుపు కంటే ప్రమాదం. "వెండెల్, అబ్బాయ్, ఒక సంగతి. గాస్టన్ పొద్దున చర్చి మెట్ల మీద జారాడు. మణికట్టు పోయింది."

వెండెల్ తలెత్తాడు.

"మనకిప్పుడు గోలీ లేడు. నువ్వు మన తరఫున నిలబడాలి. సిద్ధపు గోలీ ఎవరింటివాడో వాళ్ళదే కదా మొదటి హక్కు."

"మరి ఆల్డర్‌పోర్ట్ వాళ్ళకి మామయ్యా?"

"వాళ్ళకి దేవుడున్నాడు."

"దేవుడికి స్కేట్లు రావు నాన్నా," అంది మార్గిత్. "గాస్టన్ చర్చికి ఎప్పుడెళ్ళాడు? క్రిస్మస్‌కే లేవడు."

సరిగ్గా అప్పుడే మేడ మెట్లు కిర్రుమన్నాయి. డ్యూక్స్ గోలీ గాస్టన్ డెలోర్మ్, క్విబెక్ నుంచి వచ్చి రెండేళ్ళుగా వాళ్ళింట్లోనే అద్దెకుంటున్న కుర్రాడు, దిగివచ్చాడు. కుడి మణికట్టుకు తెల్లటి కట్టు. మొహంలో వేదన. ఆ వేదన వంటింటి గుమ్మం దాకా చక్కగా నిలిచింది. బల్ల మీద క్యాబేజీతో వేయించిన హలుష్కి పళ్ళెం కనిపించగానే కరిగిపోయింది.

"అమ్మా, మీ చేతి హలుష్కి వాసనకి మేడ మీద నిద్ర పట్టదు," అంటూ కట్టున్న చేత్తోనే ఆ బరువైన పళ్ళెం లాక్కుని, కట్టున్న చేత్తోనే వడ్డించుకున్నాడు.

నలుగురూ ఆ చేతినే చూస్తున్నారు. అతడు కూడా చూసుకున్నాడు. గరిటె మెల్లగా ఎడమచేతికి మారింది.

"పాపం," అంది మార్గిత్. "నొప్పి ఏ చేతికి కావాలంటే ఆ చేతికి వెళ్తోందా గాస్టన్?"

"తెరలు తెరలుగా వస్తోంది మేడమ్," అన్నాడు గాస్టన్ నమ్రతగా.

వెండెల్ చెంచా కింద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు.

"మామయ్యా, ఇది మోసం."

"మోసమా!" అంబ్రోజ్ లేచాడు. "ఇవాళ మనం ఫైనల్‌కి వెళ్ళకపోతే ఏమవుతుందో తెలుసా? అక్టోబరులో ఐస్ పొయ్యరు. రింక్ వాళ్ళు చెప్పేశారు నాతో. పైపులు పీకి పాత ఇనుము కింద తోలేస్తారు. తరవాత అక్కడేం పెడతారో చెప్పనా? పరుపుల గోడౌను! డ్యూక్స్ నెత్తురు కార్చిన చోట పరుపులు! కొలిమి సగం ఆరిపోయింది, ఈ ఊరికి ఇంకేం మిగిలింది చెప్పు? నువ్వు తోలే రొట్టెలా?"

"రొట్టెలు కూడా మిగల్లేదు," అన్నాడు వెండెల్. "మెట్ల మీద చూడలేదా మీరు?"

గాస్టన్ నమలడం మానేశాడు.

*

వీధి వైపు మెట్ల మీద రొట్టెలు గుట్టగా పడి ఉన్నాయి. నిన్న పొద్దున వెండెల్ ఇంటింటికీ ఇచ్చినవే. చీకటి విడకముందే ఎవరి రొట్టె వాళ్ళు తెచ్చి గుమ్మంలో పడేసి పోయారు. రాయిలా గడ్డకట్టాయి. ఒకదాన్ని ఎవరో కొరికి మరీ తిరిగిచ్చారు.

వెండెల్ వాటిని గోనెసంచిలోకి ఏరుతున్నాడు. మార్గిత్ వచ్చి తలుపు దగ్గరగా వేసి, శాలువా కప్పుకుని నిలబడింది.

"ఆ కొరికింది నొవోత్నీ ముసలమ్మది," అంది. "ముందు పళ్ళు రెండు లేవు చూడు."

అతడు నవ్వలేదు.

"నాన్న చెప్పినట్టు చేస్తావా?"

"చెయ్యను."

"అయితే వాళ్ళ తరఫున ఆడతావు."

"అడిగితే ఆడాలి. మీ నాన్న పెట్టిన రూలేగా."

"రూలు సంగతి నేనడిగానా? నీకేం కావాలో చెప్పు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఒక్కసారైనా నాకిది కావాలి అన్నావా? కూరలో ఉప్పు కూడా అడగవు నువ్వు!"

వెండెల్ ఒక రొట్టె పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు.

"నీకూ నా మీద కోపమే," అన్నాడు.

"కోపమే. ఎందుకో చెప్పనా? నువ్వు ఆపినందుక్కాదు. నిన్న మ్యాచ్ అయిపోయాక మాస్క్ తీశావు చూడు. ఊరంతా నిన్ను తిడుతోంది. మీద కాగితం కప్పులు పడుతున్నాయి. నువ్వు నవ్వుతున్నావు వెండెల్. మన పెళ్ళిలో కూడా అలా నవ్వలేదు నువ్వు."

అతడు కాదనలేకపోయాడు.

"నాకు తెలీదు మార్గిత్," అన్నాడు చివరికి. "పక్కు వస్తుంటే రంగు కనిపించదు. ఎవరు కొట్టారో కూడా కనిపించదు. అదొక్కటే కనిపిస్తుంది."

"మిగతా రోజుల్లో నీకేం కనిపిస్తుంది?"

అతడు పెరటి వైపు చూశాడు. ఇంటి పక్క సందులోంచి దండెం కొస కనిపిస్తోంది. ఎనిమిదేళ్ళుగా రొట్టెల బండి తీసేటప్పుడల్లా అతడు ఆ వైపు చూడకుండా తీస్తాడని మార్గిత్‌కు తెలుసు. తెలిసినా ఎప్పుడూ అనలేదు. ఇప్పుడూ అనలేదు. వంగి తను కూడా రొట్టెలు ఏరసాగింది.

వీధి మలుపులో బస్సు ఆగిన చప్పుడైంది. ఆల్డర్‌పోర్ట్ వాళ్ళ బస్సు. అందులోంచి ఒక పొడుగాటి మనిషి ఒంటరిగా దిగి, ఇటే నడుచుకుంటూ వస్తున్నాడు. టోపీ అప్పుడే చేతిలో ఉంది.

*

ఆల్డర్‌పోర్ట్ కోచ్ క్లైడ్ రాంకిన్ మర్యాదస్తుడు. వెండెల్, మార్గిత్ లోపలికి వెళ్ళి కూర్చున్నాక కూడా కొలేసార్ వారి గడప దాటకుండా, కాలిబూట్ల మంచు దులుపుకుని, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"కొలేసార్ గారూ, మీ శాసనం ప్రకారం అడగడానికొచ్చాను. ఇవాళ్టి మ్యాచికి మాకు గోలీ లేడు. మీ అల్లుడిగారిని మాకివ్వండి."

"ఆలస్యమైంది రాంకిన్ గారూ," అన్నాడు అంబ్రోజ్, రాయబారిని పంపించేసే చక్రవర్తిలా. "మా గోలీ కూడా దెబ్బతిన్నాడు. మేము ముందే అడిగేశాం."

రాంకిన్ ఆయన భుజం మీదుగా లోపలికి చూశాడు. గాస్టన్ చటుక్కున కట్టున్న చెయ్యి గుండెకు హత్తుకున్నాడు. ఈసారి చెయ్యి సరైనదే. కట్టు మీద క్యాబేజీ ముక్క ఒకటి అంటుకుని ఉంది.

"ఎప్పుడడిగారు?"

"భోజనాల దగ్గర. సాక్షులున్నారు."

"భోజనాల దగ్గర," అని రాంకిన్ మెల్లగా తలాడించాడు. అతడికి అంతా అర్థమైంది. ఏమీ చేయలేడని కూడా అర్థమైంది. టోపీ తలకు పెట్టుకోబోయాడు.

"ఆగు బాబూ," అంది జోఫియా.

ఆవిడ పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. అందరూ కిటికీలోంచి చూస్తున్నారు. దండెం దగ్గర నిలబడి, ఒక్కొక్క క్లిప్పే తీసి జేబులో వేసుకుంది. గడ్డకట్టిన ఆకుపచ్చ జెర్సీని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా ఎత్తుకుని లోపలికి వచ్చింది. గుమ్మంలో దాని చేతులు పట్టలేదు. పక్కకు తిప్పి తెచ్చింది. మడత పడదు కాబట్టి పొయ్యి పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. అయిదుగురి మధ్య ఆరోవాడిలా అది నిటారుగా కూర్చుంది.

"ఎవరు ఆరేశారు, ఎవరు ఆరేశారు అని పొద్దుటినుంచీ ప్రాణం తీస్తున్నావు," అంది భర్తతో. "నేనే. ఏడు గంటల పూజకి వెళ్ళేముందు."

"జోఫియా!"

"తెల్లారగానే నేలమాళిగలో నువ్వూ ఈ అబ్బాయీ గుసగుసలాడుకున్నారు. మెట్ల మీద జారడం ఎలాగో నువ్వు వాడికి చేసి కూడా చూపించావు. నేను బంగాళాదుంపల బుట్ట వెనకాలే ఉన్నాను."

గాస్టన్ కట్టు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ విప్పమనలేదు.

"దండెం ఎక్కిందా, అదే సంతకం. ఎవరి మాట ఇది? ప్రెసిడెంటుగారు మీరేగా! ఎన్నిసార్లు రొమ్ము విరుచుకుని చెప్పారు! పొద్దున ఏడింటికే ఈ పిల్లాడు వీళ్ళకి ఖరారయ్యాడు. ఊరంతా చూసింది. ఫాదర్ కూడా చూశాడు. మీ భోజనం తరవాతెప్పుడో."

అంబ్రోజ్ కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. చేతికి ఆకుపచ్చ ఉన్ని తగిలింది. కాలినట్టు చెయ్యి తీసేశాడు.

"నా ఇంట్లో... నా పెళ్ళాం... ఆల్డర్‌పోర్ట్ కోసం..."

"ఆల్డర్‌పోర్ట్ ముష్టి మొహం నాకెందుకు! క్షమించు బాబూ," అని రాంకిన్ వైపు తిరిగి అని, మళ్ళీ భర్త వైపు తిరిగింది. "వాడి కోసం. వాడి జెర్సీ ఒక్కసారి వీధి చూసేలా ఆరేయాలనిపించింది. రంగు ఏదైతేనేం? ఎనిమిదేళ్ళుగా వాడిది నేలమాళిగలో ఆరేస్తున్నాను, దొంగసొత్తులా."

మాట బయటపడింది. ఆవిడ చెయ్యి నోటి దాకా వెళ్ళింది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

"నాది?" అన్నాడు వెండెల్.

పొయ్యి పక్కన జెర్సీ అంచు నుంచి మొదటి నీటిబొట్టు నేల మీద పడింది.

"నాదేమిటి అత్తయ్యా?"

"నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని జోఫియా భర్తను అడిగింది. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

మా ధర్మశాస్త్రకర్త ఈ ఎనిమిదేళ్ళలో మ్యాచ్ రోజున ఎవరూ చూడని పని ఒకటి చేశాడు. మెడ దగ్గర బొత్తాం విప్పాడు. తరవాత రెండోది. తరవాత అన్నీ. కోటు విప్పి పక్కన పెట్టాడు.

కోటు కింద నీలం ఉన్ని జెర్సీ ఉంది. మెత్తబడి, మోచేతుల దగ్గర పలచబడి, ముసలి పొట్ట మీద బిగుసుకుని ఉంది. కూతురి వైపు తిరిగేసరికి వీపు మీద నంబరు కనిపించింది. ముప్పై.

"కోచ్ నిన్ను ఉంచుకుందామన్నాడు," అన్నాడు అంబ్రోజ్, గోడతో చెబుతున్నట్టు. "మీ అత్తయ్య ఉతికి ఆరేసింది కూడా. వెలుతురు రాకముందే నేనే తీసేశాను. నువ్వు మనసు మార్చుకున్నావని కోచ్‌తో చెప్పాను."

"ఎందుకు?" అంది మార్గిత్. అడగాల్సినవాడు అడగలేకపోతున్నాడు కాబట్టి.

"నీకోసమే! వీడు నీ వెనక తిరుగుతున్నాడని నాకు తెలీదా? గోలీలకి పళ్ళుంటాయా? ముక్కుంటుందా? ఏడాదికో ఊరు. బస్సులో కాపురం. నాకొక్కతే కూతురు. రొట్టెలమ్ముకునేవాడైతే ఊళ్ళో ఉంటాడు... మొహం మొహంలా ఉంటుంది..."

"మరి ఇదెందుకు వేసుకున్నావు?"

"దాచడానికి చోటు దొరక్క ఆ రోజు కోటు కింద తొడుక్కున్నాను. ఆ రోజు గెలిచాం." ఆయన జెర్సీ అంచు కిందికి లాక్కున్నాడు. "అప్పట్నుంచీ తీస్తే భయం."

నవ్వు రావాలి నిజానికి. గాస్టన్‌కు వచ్చింది కూడా. మార్గిత్ చూసిన చూపుకు మింగేశాడు.

వెండెల్ ఎనిమిదేళ్ళు ఈ మనిషితో ఒకే బల్ల దగ్గర తిన్నాడు. ప్రతి మ్యాచికీ ఈ మనిషి పక్కనే, తన జెర్సీకి జానెడు దూరంలో, కూర్చుని వేరుశనగలు తిన్నాడు.

అంబ్రోజ్ తలమీదుగా జెర్సీ లాగడానికి ప్రయత్నించాడు. భుజాల దగ్గర ఇరుక్కుంది. నీలం ఉన్నిలోంచే ఆయన మాట వినిపించింది: "తీసుకో అబ్బాయ్. నీదే. ఆలస్యంగానైనా... ఇవాళ వేసుకో. మోసంగా కాదు. నిజంగా. గాస్టన్‌ని నేను కూర్చోబెడతాను. డ్యూక్స్ గోలీగా నిలబడు. ఊరు నిన్ను నెత్తిన పెట్టుకుంటుంది."

మలుపులో బస్సు హారన్ మోగింది. రాంకిన్ కదలలేదు. "మీరెలా చెప్తే అలా టిమ్కో గారూ," అన్నాడు వెండెల్‌తో. "నేనేమీ అనుకోను."

పొయ్యి పక్క ఆకుపచ్చ జెర్సీ కరుగుతోంది. చాచి ఉన్న చేతులు ఒకదాని తరవాత ఒకటి కిందికి వాలాయి. ఇటు నీలం జెర్సీ, సగం ఊడి, సగం ఊడక, వెచ్చగా ఉంది. ఎనిమిదేళ్ళుగా ఒక మనిషి కోరుకున్నదంతా అందులోనే ఉంది.

వెండెల్ లేచాడు. మామగారి దగ్గరికి వెళ్ళాడు. ఇరుక్కున్న జెర్సీని రెండు చేతులా పట్టుకున్నాడు.

అతడు దాన్ని పైకి లాగలేదు. మెల్లగా కిందికి దించి, ముసలాయన పొట్ట మీద అంచు సరిచేశాడు. కుర్చీ మీది కోటు అందుకుని భుజాల మీద కప్పాడు.

"ఉంచుకోండి మామయ్యా," అన్నాడు. "ఇవాళ మీకు బాగా చలేస్తుంది."

తడి ఆకుపచ్చ జెర్సీని చంకన పెట్టుకుని గడప దాటాడు. రాంకిన్ పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. మార్గిత్ కొక్కేనికి ఉన్న నీలం స్కార్ఫ్ మీద చెయ్యి వేసి, తీసుకోకుండా వదిలేసి, తలకు ఏమీ లేకుండానే భర్త వెనకే పరుగెత్తింది. గాస్టన్ తన స్కేట్లు తీసుకుని, కట్టు గుడ్డ జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టి, పెరటి తలుపులోంచి జారుకున్నాడు. ఈసారి నిజంగానే జారాడు, పడలేదు.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. అంబ్రోజ్ కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఒకటి తప్పించి పెట్టుకున్నాడు.

"జోఫియా."

"ఊఁ."

"ఆపుతాడంటావా?"

ఆవిడ సూప్ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెడుతోంది. వెనక్కి తిరగలేదు.

"ఆపితే నీ రింక్ పోతుంది. కావాలని వదిలేస్తే నీ అల్లుడు పోతాడు, జన్మలో ఇంకెప్పుడూ వాడు వాడిలా ఉండడు. ఏది కావాలో దారిలో తేల్చుకో. వెళ్ళు. టోపీ మర్చిపోకు."

బల్ల మీది టోపీ తీసి తలకు పెట్టుకున్నాడు. తలుపు పక్కన సిలువ ఉంది. మ్యాచికి వెళ్ళేముందు ఆయన ప్రతిసారీ దాని ముందు ఆగి ఒకే ప్రార్థన చేస్తాడు. ఇవాళ కూడా ఆగాడు. నుదుటికి చెయ్యి ఎత్తాడు.

చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఏమని అడగాలో ఆయనకు తెలియలేదు.